గ్రంథపాలకుల కూడికలు: ఆంధ్ర గ్రంథాలయోద్యమ చరిత్రమున నొక ప్రకరణము

మహాసభలు జరుగునపుడు సంవత్సరము పొడుగున జరిగిన సత్కార్యములను లెక్కించి చెప్పుట మన పెద్దల వాడుక. సత్రములెన్ని, విద్యార్థి వసతిగృహములెన్ని, వానియందు చదువుకొను బాలబాలికలెందరు, జీర్ణోద్ధారణము జరిగిన దేవాలయములెన్ని యని నివేదిక చదువుదురు. ఆ నివేదికయందు గ్రంథాలయములు కూడ నుండును. గది కట్టించిన దాత పేరు శిలాఫలకముపై చెక్కబడును. బీరువాలెన్నియో, పుస్తకములెన్నియో సంఖ్యలతో సహా పుస్తకమున కెక్కును. కాని యా గది తాళపుచెవి యెవరి చేత నున్నదో, ఆతడు దినమునకెన్ని గంటలు తలుపు తెఱచునో, పుస్తకమడిగిన బాలునకు వెదకి యిచ్చు నేర్పు ఆతని కెవరివలన గలిగెనో, ఆ సంగతి యే నివేదికయందును గానరాదు. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఆ తాళపుచెవి పట్టినవానిని గూర్చియే.

వర్తకము మన వైశ్యులకు కులవృత్తి. అంగడి తెఱచి కూర్చున్నంత మాత్రమున వర్తకుడు కాడని మన యిండ్లలో పసివారికి సైతము తెలియును. సంతకు పోవలెను, తోడివర్తకులను కలిసికొనవలెను, ఏ సరకు ఏ యూర దొరకునో, ఏది యెక్కడ చెల్లునో, ఎవరి మాట నమ్మదగినదో నలుగురి నోట వినవలెను. అయ్యావళి ఐనూర్వురని శాసనములయందు ప్రసిద్ధికెక్కిన వర్తకసంఘమువారు దక్షిణాపథమంతట వ్యాపించుటకు కారణము వారి ధనము మాత్రమే కాదు. ఊరూరను తమవారుండుటయు, వారొకరితో నొకరు కలిసి మెలసి యుండుటయు ముఖ్యకారణములు. గ్రంథపాలకుని వృత్తియు నట్టిదే. ఆంధ్రదేశమున గ్రంథాలయములు ప్రబలినది పుస్తకములు కొన్నందువలన మాత్రమే కాదు. పుస్తకములను కాచువారు ఒకచోట కూడినందువలన. ఈ మాటకు చరిత్రమే సాక్షి.

ప్రాచీన కాలము

అమరకోశమున భాండశబ్దమునకు వర్తకుని మూలధనమను నర్థము చెప్పబడినది. ఆ శబ్దమునుండియే భాండారము, భాండాగారము, భాండారికుడు అను మాటలు పుట్టినవి. మన కొట్లను కాచువాడును, తాళపత్రములను కాచువాడును పూర్వము భాండారికులే. ధనమును కాచుటకును విద్యను కాచుటకును మన పూర్వులు ఒకే పేరు పెట్టుట గమనింపదగిన విషయము.

నేటి కర్ణాటక రాష్ట్రమున, కలబురగి జిల్లాలో నాగావి యను గ్రామము కలదు. కల్యాణి చాళుక్య చక్రవర్తియైన త్రైలోక్యమల్ల సోమేశ్వరుని కాలమున, క్రీ.శ. 1058వ సంవత్సరమున వేయించిన శాసనమొకటి అచటి విద్యాస్థానమును వర్ణించుచున్నది. వేదములను శాస్త్రములను అభ్యసించు విద్యార్థులు రెండువందలకు పైగా నుండిరి. వారికి వేదాచార్యులు ముగ్గురు, శాస్త్రాచార్యులు ముగ్గురు. వీరితోపాటు సరస్వతీ భాండారికులు ఆర్గురు నియమింపబడిరి. అనగా ఆచార్యులెందరో గ్రంథపాలకులును అందరే!

ఈ శాసనమును చదివినపుడెల్ల నాకొక యూహ తోచును. ఆ యార్గురును ఒక్క కప్పు క్రింద పనిచేసిరి. ఒకడు జీర్ణమైన తాటాకును క్రొత్తగా వ్రాయుచుండగా వేఱొకడు సూచీపత్రమును సరిచూచుచుండును. ఒకనికి తెలియనిది రెండవవానినడిగి తెలిసికొనును. తొమ్మిది వందల యేండ్లు గడచిన పిమ్మట మన గ్రంథాలయములలో గ్రంథపాలకుడు ఒంటివాడైనాడు. ఒక గదికొక మనుష్యుడు. ఆతని సందేహమును తీర్చువారు ఆ యూరనే యుండరు. ఈ ఒంటరితనమును పోగొట్టుటకే గత శతాబ్దారంభమున ఆంధ్రులు చేసిన ప్రయత్నము గ్రంథాలయోద్యమమని నా భావము.

దీపములు వేఱువేఱుగా వెలిగిన కాలము

విశాఖపట్టణమున 1886వ సంవత్సరమున మంతిన ఆదినారాయణమూర్తిగారు సరస్వతీ నిలయమను గ్రంథాలయమును స్థాపించిరి. నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని కుముదవల్లి గ్రామమున 1897లో భూపతిరాజు తిరుపతిరాజుగారు వీరేశలింగకవి సమాజ గ్రంథాలయమును నెలకొల్పిరి. ఒక చిన్న పల్లెయందు ఆ కాలమున అట్టి యూహ కలుగుటయే యాశ్చర్యము. హైదరాబాదున కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజాగారైన నాయని వేంకట రంగారావుగారు మొదలగువారు పూనుకొనగా 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము ఏర్పడెను. 1911లో బెజవాడయందు రామమోహన ధర్మ పుస్తక భాండాగారము స్థాపింపబడెను.

ఇవి యన్నియు మంచి దీపములే. కాని యొక్కొక దీపము తన గూటిలోనే వెలుగుచుండెను. ఒక యూరివారు పడిన కష్టము రెండవ యూరివారికి తెలియదు. పట్టిక యెట్లు వ్రాయవలెనో, చందాలెట్లు వసూలు చేయవలెనో, పుస్తకము తీసికొనిపోయి తిరిగి యీయనివానితో ఎట్లు నడచుకొనవలెనో, ప్రతివాడును మొదటినుండి తానే కనిపెట్టుకొనవలసి వచ్చెను. ఉత్సాహవంతుడైన కార్యదర్శి యొకడు ఊరు మాఱినచో ఆ గ్రంథాలయము మూతబడుటయు కద్దు.

పాశ్చాత్యదేశములలో ఈ లోపమును ముందుగనే గుర్తించిరి. 1876లో అమెరికాయందలి ఫిలడెల్ఫియా నగరమున గ్రంథపాలకులు సభ కూడి సంఘమేర్పఱచుకొనిరి. మఱుసటి యేడు లండనులో అట్టి సంఘమే యేర్పడెను. మన దేశమున బరోడా మహారాజు సయాజిరావు గాయక్వాడుగారు అమెరికానుండి బోర్డెన్ అను విద్వాంసుని రప్పించి 1911లో గ్రంథపాలకులకు శిక్షణము నిప్పించిరి. అక్కడ రాజాశ్రయము కలదు. ఆంధ్రదేశమున రాజును లేడు, అమెరికా పండితుడును లేడు. ఉన్నవారు ఊళ్లయందలి యువకులు, ఉపాధ్యాయులు, వకీళ్లు, వర్తకులు.

1914వ సంవత్సరపు బెజవాడ సభ

1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడ రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశములోని గ్రంథాలయముల ప్రతినిధులు సమావేశమైరి. చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు అధ్యక్షత వహించిరి. ఈ సభకు మూలపురుషులు అయ్యంకి వేంకట రమణయ్యగారు. వారికప్పటికి ఇరువదినాలుగేండ్లు నిండలేదు. సూరి వేంకట నరసింహశాస్త్రిగారు మొదలగువారు వారికి తోడైరి. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఆ సభయందే పుట్టెను. మన దేశమున ఒక ప్రాంతపు గ్రంథాలయములవారు ప్రభుత్వపు ప్రేరణము లేక తమంత తాము కూడి సంఘముగా నేర్పడుటకు ఇదియే మొదటి దృష్టాంతమని పెద్దలు చెప్పుదురు.

ఈ సభవలన కలిగిన లాభమేమి? తీర్మానములు కాగితములపై నుండును; అవి యన్నియు నెఱవేరెనని యెవరును చెప్పజాలరు. అసలు లాభము వేఱు. తన యూర తానొక్కడే వెఱ్ఱివాడనని తలచుచుండిన యువకుడు, తనవంటి వెఱ్ఱివారు ఇంకను పెక్కుమంది యున్నారని ఆనాడు తెలిసికొనెను. తరువాత ఉత్తరములు నడచెను. ఒక యూరి గ్రంథాలయ వార్షికోత్సవమునకు ప్రక్క యూరి గ్రంథాలయమువారు పోవుట ఆచారమయ్యెను. సంఘము పుట్టిన ఒకటి రెండు సంవత్సరములలోనే రమణయ్యగారు 'గ్రంథాలయ సర్వస్వము' అను పత్రికను వెలువరించిరి. సభకు రాలేనివాని యింటికి సభయే పోవునట్లు చేసిన పత్రిక యది. గ్రంథాలయ విషయములకే ప్రత్యేకింపబడి దేశభాషలో వెలువడిన తొలి పత్రికలలో దాని నెన్నుదురు.

సభ ఒక పట్టణమున జరుగును, పల్లెవారందఱు రాలేరు. అందుచేత గ్రంథాలయ యాత్రలనుద్దేశించిరి. కొందఱు కార్యకర్తలు జట్టుగా కూడి కాలినడకను, బండ్లమీదను, కాలువలలో పడవలమీదను గ్రామగ్రామమునకు పోయి, గ్రంథాలయమున్నచోట దానిని చూచి, లేనిచోట దాని యావశ్యకతను బోధించి, రాత్రి యా యూరనే బసచేసి, మఱునాడు ముందునకు సాగిపోయెడివారు. తీర్థయాత్ర మన జనులకు పరిచితమైన ధర్మము. ఆ ధర్మమును సరస్వతీదేవి సేవకు మరలించిరి. యాత్రికుల రాకచే ఆ పల్లెయందలి గ్రంథపాలకునకు తన చిన్న గదియు ఒక క్షేత్రమే యను గౌరవము కలిగెను. జీతము లేని సేవకు ఈ గౌరవమే జీతము.

మదరాసు సభ, శిక్షణ తరగతులు

ఆంధ్రులు పెట్టిన ఈ దీపము త్వరలోనే యెల్లలు దాటెను. 1919 నవంబరు 14వ తేదీన మదరాసునగరమున అఖిలభారత ప్రజాగ్రంథాలయ మహాసభ జరిగెను. బరోడా సంస్థాన గ్రంథాలయశాఖను నిర్వహించుచుండిన జె. ఎస్. కుడాల్కరుగారు అధ్యక్షులు. రాజాశ్రయమున పెరిగిన బరోడా పద్ధతియు, ప్రజాశ్రయమున పెరిగిన ఆంధ్రపద్ధతియు ఒక వేదికపై కలిసికొనినది ఇక్కడనే. ఇట్టి సభ 1923లో కాకినాడయందును, 1924లో బెలగాముయందును జరిగెను. ఆ రెండు సంవత్సరములును ఆ రెండు పురములయందును కాంగ్రెసు మహాసభలు కూడినవి. దేశమంతటినుండి వచ్చిన జనులను గ్రంథాలయసభకు కూడ రాబట్టిన ఆ కార్యకర్తల లౌక్యము మెచ్చదగినది. తిరునాళ్లకు వచ్చినవారిని చూచి అంగడి పెట్టు నేర్పు మనకు తెలియనిది కాదు గదా!

నేడు ఏటేట నవంబరు 14 మొదలు 20వ తేదీవఱకు జాతీయ గ్రంథాలయ వారోత్సవములు జరుగుచున్నవి. ఆ దినము బాలల దినోత్సవమగుటచే వారోత్సవములకును అదియే కారణమని పెక్కుమంది తలచుచున్నారు. అది పొరబాటు. 1919లో మదరాసున గ్రంథాలయ కార్యకర్తలు కూడిన దినమది. దానిని స్మరించుటకే 1968 మొదలుగా ఈ యుత్సవము పాటింపబడుచున్నది. అనగా దేశమంతయు చేసికొను గ్రంథాలయోత్సవము ఒక గ్రంథమును గాని, ఒక భవనమును గాని పురస్కరించుకొని యేర్పడలేదు. గ్రంథాలయ సేవకుల కూడికను పురస్కరించుకొని యేర్పడెను.

మాటలతోనే కాలము పుచ్చక, 1920లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమువారు బెజవాడయందు గ్రంథపాలకులకు శిక్షణ తరగతులు నడపిరి. మదరాసు గ్రంథాలయ సంఘము 1928లో పుట్టెను. రంగనాథన్ గారి యాధ్వర్యమున ఆ సంఘమువారు 1929లో శిక్షణ తరగతులారంభించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గ్రంథాలయశాస్త్ర బోధనము 1935లో ఆరంభమయ్యెను. 1933లో కలకత్తాయందు భారత గ్రంథాలయ సంఘము స్థాపింపబడెను. ఈ తేదీలను వరుసగా పెట్టి చూచినచో, పల్లెల కార్యకర్తలు తమ చందాలతో నడపుకొనిన తరగతి వీనిలో పెక్కింటికి ముందు నిలుచును.

నిజాము రాష్ట్రమున

గోదావరీ కృష్ణా మండలములలో సభ పెట్టుట సులభము. నిజాము రాష్ట్రమున అట్లు కాదు. సభ జరుపవలెనన్నచో ముందుగా సర్కారువారి యనుమతి కావలెను. పాఠశాలలలో తెలుగునకు చోటు చాలదు. అట్టి దినములలో గ్రంథాలయమే బడి, గ్రంథాలయమే సభామండపము. 1925లో మధిరయందును, 1928లో సూర్యాపేటయందును గ్రంథాలయ మహాసభలు జరిగెను. వేఱొక పేరున కూడజాలని జనులు గ్రంథాలయము పేరున కూడిరి. 1930లో జోగిపేటయందు ఆంధ్రమహాసభ జరుగునాటికి ఊరూరను ఒకరినొకరు ఎఱిగిన కార్యకర్తలు సిద్ధముగా నుండిరి. ఆ పరిచయములకు గ్రంథాలయములు చేసిన దోహదము కొలదియైనది కాదు. పుస్తకము కాచువాడు పుస్తకమును మాత్రమే కాచునని తలచువారు ఈ చరిత్రమును మననము చేయవలెను.

వేటపాలెము, పెదపాలెము

ఇక మన కులమువారికి గర్వకారణమైన యొక దృష్టాంతమును చెప్పెదను. వేటపాలెమున ఊటుకూరి వేంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు 1918 అక్టోబరు 15వ తేదీన సారస్వత నికేతనమునకు అంకురార్పణము చేసిరి. 1929లో గాంధీమహాత్ముడు వచ్చి క్రొత్త భవనమునకు శంకుస్థాపన మొనర్చెను. ఆయన చేతికఱ్ఱ యొకటి నేటికిని అక్కడ భద్రపఱుపబడి యున్నది. పాత పత్రికల సంపుటములకు ఆ గ్రంథాలయము పేరు పొందినది. తెలుగునేల చరిత్రమును పరిశోధించువారు దేశాంతరములనుండియు అక్కడికి వచ్చుచుందురు.

శ్రేష్ఠిగారు వైశ్యులని మనము సంతోషింతుము. ఆ సంతోషము న్యాయమే. కాని ఆయన కట్టినది వైశ్యుల గ్రంథాలయము కాదను సంగతి మఱువరాదు. ఆ తలుపు అందఱికిని తెఱచియుండెను. దేశనాయకులను రప్పించి, ఉద్యమముతో చేయి కలిపి, ఊరి గ్రంథాలయమును దేశపు గ్రంథాలయముగా చేసిరి. ఆ కాలమున కులముల పేర వెలసిన పఠనమందిరములు వేఱుచోట్ల కలవు. వానిలో ఎన్ని నిలిచినవో మన యూళ్లలో మనమే చూచుచున్నాము. గోడలలోపల తన వారితోనే యుండినది గోడలతోపాటు శిథిలమయ్యెను. నలుగురితో కలిసినది నిలిచెను.

రెండవ దృష్టాంతము పెదపాలెము. గుంటూరు మండలములోని ఆ గ్రామమున సేవాశ్రమ వాణీమందిరమును నడపిన పాతూరి నాగభూషణముగారు 1935 అక్టోబరులో పడవ గ్రంథాలయము నారంభించిరి. పెదవడ్లపూడి నుండి పెదపులివర్రు వఱకు కాలువపై పోవు పడవలో పుస్తకములుంచిరి. పడవప్రయాణము మెల్లగా సాగును. ప్రయాణికునకు పని యుండదు. చేతికి పుస్తకమిచ్చినచో చదువును. ఎంత సులభమైన యూహ! పడవ ఆగిన ప్రతి రేవునను ఒక గ్రామము, ఆ గ్రామమున పుస్తకముకొఱకు ఎదురుచూచు జనులు. కాలువ పొడుగున నీరు పాఱినట్లే పరిచయములును పాఱెను. ఆ నాగభూషణముగారే తరువాతికాలమున రాష్ట్ర గ్రంథాలయ సంఘమునకు మూలస్తంభమై, విజయవాడ పటమటయందలి సర్వోత్తమ భవనమునకు పాటుపడిరి. ఆ భవనము పేరు, సంఘమునకు పలు సంవత్సరములు అధ్యక్షులైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని స్మరింపజేయుచున్నది.

చట్టము వచ్చిన పిమ్మట

ఉద్యమము ఎడతెగక సాగెనని చెప్పుట సత్యము కాదు. 1930లో ఉప్పుసత్యాగ్రహము వచ్చినపుడు కార్యకర్తలలో పెక్కుమంది చెఱసాలకు పోయిరి. గ్రంథాలయములు పలుచోట్ల వెలవెలబోయెను. మఱల వారు బయటికి వచ్చి, మఱల కూడి, మఱల నిలువబెట్టిరి. వారి చిరకాలపు కోరిక గ్రంథాలయములకొక చట్టము. మదరాసు రాష్ట్రమున 1948లో గ్రంథాలయ చట్టము చేయబడెను. హైదరాబాదు రాష్ట్రమున 1955లో అట్టి చట్టము వచ్చెను. రెండును కలిసి 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టమయ్యెను. ఆస్తిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను, జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, గ్రంథపాలకునకు జీతము, ఇవి యన్నియు చట్టమువలన కలిగిన మేళ్లు. వీనిని తక్కువచేసి చెప్పుట కృతఘ్నత.

అయినను లాభముతోపాటు ఒక నష్టమును కలిగెను. ప్రభుత్వ గ్రంథాలయపు ఉద్యోగికి పైయధికారులు, సమావేశములు, శిక్షణములు ఏర్పడెను. ప్రైవేటు గ్రంథాలయమును నడపువాడు, అనగా సత్రములో, వసతిగృహములో, దేవాలయపు మండపములో, కులసంఘపు భవనములో బీరువాలను కాచువాడు, ఆ వరుసలో చేరలేదు. పూర్వము సభకు పిలిచినవారు ఆతనిని పిలిచిరి. యాత్రికులు ఆతని గుమ్మము త్రొక్కిరి. ఇప్పుడాతనిని పిలుచువారు లేరు. మన సంఘపు గ్రంథాలయములలో నున్నవారు ఈ తెగలోనివారే.

ఒక స్వానుభవము

ఈ మాట నేను పరుల దోషముగా చెప్పుట లేదు. నేను సంస్కృతాంధ్రములు బోధించిన యొక పాఠశాలయందు గ్రంథాలయపు భారము కూడ నాపై పెట్టిరి. మూడు బీరువాలు. అందు నా పూర్వులు కూర్చిన చక్కని కావ్యములు, నిఘంటువులు, ఇతిహాసములు కలవు. ఒక పుస్తకము పోయినను నా జీతములో కోత పడునని భయపడి తాళములు వేసితిని. రెండేండ్లు అవి తెఱువబడలేదు. పిల్లలడిగినచో 'రేపు చూతము' అనెడివాడను. మూడవ యేట పరీక్షాధికారి వచ్చుచున్నాడని తెఱచి చూడగా క్రింది యఱలోని పుస్తకములన్నియు చెదలపాలై మట్టిముద్దలుగా నుండెను. పట్టికలో అవి యన్నియు క్షేమముగనే యుండెను!

ఆ సంవత్సరమే నవంబరు వారోత్సవములలో పిల్లలను వెంటబెట్టుకొని ఒక శాఖా గ్రంథాలయమునకు పోయితిని. ఉపన్యాసములైన పిమ్మట అక్కడి వృద్ధ గ్రంథపాలకునితో నా కష్టము చెప్పుకొంటిని. ఆయన నవ్వి, 'పంతులుగారూ, బయటికిపోయిన పుస్తకమును మనిషి చదువును, లోపలనున్న దానిని పురుగు చదువును. ఎవరిచేత చదివింపవలెనో మీరే తేల్చుకొనుడు' అనెను. పిదప చాపమీద కూర్చుండబెట్టి, తరగతికొక విద్యార్థిని ఎన్నుకొని వానిచేతనే పుస్తకము లిప్పించు విధమును, బీరువాను గోడకు జానెడు దూరముగా నుంచుటను, వాడుకలో పోయిన కొలది పుస్తకములను నిబంధనల ప్రకారము లెక్కనుండి తొలగించు పద్ధతిని బోధించెను. గంటసేపటి మాట అది. నేను వ్యాకరణమును పండ్రెండేండ్లు చదివితిని. ఈ గంటసేపటి విద్యను నాకెవరును నేర్పియుండలేదు. రెండేండ్ల ముందే ఆయనను కలిసియుండినచో ఆ క్రింది యఱ బ్రదికియుండెడిది. ఆ పుస్తకములను తలచుకొన్నపుడెల్ల నేటికిని నాకు సిగ్గగును.

మనము చేయదగినది

చరిత్రము చదువుట కర్తవ్యము తెలిసికొనుటకే గదా. వదాన్యులైన దాతలకును, సంఘపు పెద్దలకును మూడు మనవులు చేసికొనుచున్నాను.

మొదటిది: గ్రంథాలయమునకు విరాళమిచ్చు దాత ఆ ధనములో కొంత భాగమును గ్రంథపాలకుని ప్రయాణమునకై వేఱుగా ఉంచవలెను. ఏటికి రెండుసార్లు, నవంబరు వారోత్సవములకును, రంగనాథన్ గారి జన్మదినమని ఆగస్టు 12వ తేదీన జరుపు గ్రంథపాలక దినోత్సవమునకును, మన వసతిగృహముల గ్రంథపాలకులు జిల్లా కేంద్రమునకు పోయి తోడివారిని కలిసికొనునట్లు చేయవలెను. దీనికగు వ్యయము మన యిండ్ల పెండ్లిలో తాంబూలపు సంచుల కగునంత కూడ కాదు.

రెండవది: మన మహాసభ జరుగునపుడు యువజనులకు, మహిళలకు వేఱుగా సమావేశములు జరుపుచున్నాము. అట్లే ఒక పూట గ్రంథపాలకులకు కేటాయింపవలెను. వేదికయు, పూలమాలలును వలదు. ఒక గది, ఒక చాప, ప్రతివాడును తన పుస్తకపు పట్టికను వెంట తెచ్చుకొనుట చాలును. ఎవరియొద్ద ఏ గ్రంథము రెండు ప్రతులున్నదో, ఎవరికి లేదో ఆ పూటనే తేలిపోవును. కలకత్తాలో 1972లో స్థాపింపబడిన రాజా రామమోహనరాయ్ గ్రంథాలయ సంస్థ గ్రంథాలయములకు ఏ విధముగా సాయపడునో తెలిసినవారు తెలియనివారికి చెప్పుదురు.

మూడవది: ఆ పూటకు మన కులమువారినే పిలువరాదు. ఊరిలోని శాఖా గ్రంథాలయపు ఉద్యోగిని, బడిలోని ఉపాధ్యాయుని, ఇతర కులసంఘముల గ్రంథాలయములవారిని, ఏ కులమువారైనను, గౌరవముతో పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను. ఇది మాటకొఱకు చెప్పుట కాదు. వేటపాలెము మనకు చూపిన మార్గమిదియే. మన గ్రంథాలయపు తలుపు మన బాలురకు మాత్రమే తెఱువబడునేని, మన గ్రంథపాలకునకు మనము తప్ప వేఱు లోకము లేనియెడల, మనము కట్టినది గ్రంథాలయము కాదు, పెద్ద బీరువా. బీరువాలను ఎవరు చదువుదురో నేను పైన విన్నవించితిని.

శిలాఫలకముపై పేరు చెక్కించుట తప్పు కాదు. దానిని చదువుటకైనను ఎవరో ఒకరు గుమ్మమునకు రావలెను గదా! వారిని రప్పింపగలవాడు ఆ తాళపుచెవి పట్టినవాడొక్కడే. నాగావి శాసనము వేయించిన ప్రభువు ఆచార్యులతో సమానముగా భాండారికులను లెక్కించెను. ఆ పాటి లెక్క మన చిట్టాలలోను చేరుగాక. శ్రీ వాసవీ కన్యకాపరమేశ్వరి కటాక్షమున మన లక్ష్మికి సరస్వతి తోడగుగాక.